ఆట మధ్యలో ఊగిన నేల

శనివారం మధ్యాహ్నాలు గరాచర్మ అనే దీవి ఊళ్ళోని మా ఇంటి నుంచే పిల్లలతో ఆన్‌లైన్ ఆట ఆడించేదాన్ని. నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెబుతాను. వేరువేరు దీవుల స్కూళ్ళ పిల్లలు కలిసి, తెర మీద దిమ్మలు పేర్చి ఒక ఊరు కట్టాలి. గాలికీ అలలకీ అది నిలవాలి. గోడ కూలితే ఎందుకు కూలిందో అందరూ కలిసి తేల్చాలి. క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా అక్కడ గట్టిగా వాదించుకునేవాళ్ళు.

వాళ్ళలో మాకు దక్షిణాన వందల కిలోమీటర్ల దూరంలో, చిట్టచివరి దీవిలోని క్యాంప్‌బెల్ బే అమ్మాయి ఒకతి. తండ్రి చేపల వేటకు వెళ్తాడు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కానీ రాయడం రాదు. అందుకే చాట్‌లో హిందీ రాసేది.

ఆ రోజు అందరం పడవలు ఆగే జెట్టీ కడుతున్నాం. ఉన్నట్టుండి ఆమె మెసేజ్ వచ్చింది. "టీచర్, జమీన్ హిల్ రహీ హై."

నేల ఊగుతోందట. "పాగల్, గేమ్‌లో భూకంపం లేదు కదా!" అని ఎవరో నవ్వారు.

"గేమ్ మే నహీ. ఘర్ మే."

ఇంట్లోనట. అంతే. ఆమె పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది.

"ఫోన్లు వదిలెయ్యండి! అందరూ బయటికి పొండి!" అని అరిచి వంటింట్లోకి పరుగెత్తాను. అమ్మ పీట మీద కూర్చుని చేప కడుగుతోంది. మోకాళ్ళ నొప్పులతో లేవడమే కష్టం.

"లే అమ్మా, భూకంపం!"

"ఏదే? ఏటీ ఊగనేదు కదా!"

జవాబు చెప్పకుండా చంకల కింద చేతులు వేసి లేపాను. గుమ్మం దాటి వీధిలోకి వచ్చామో లేదో నేల కదిలింది. మేడ మీది ట్యాంకులో నీళ్ళు తపతపమని కొట్టుకున్నాయి. సునామీలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి అమ్మ. నా భుజం గట్టిగా పట్టుకుని ఒకే మాట అడిగింది. "నీళ్ళు ఎనక్కెళ్ళాయేటో కనుక్కో."

కనుక్కున్నాను, సముద్రం వెనక్కి వెళ్ళలేదు. సునామీ భయం లేదని కాసేపటికి రేడియోలో చెప్పారు. మిగతా పిల్లలందరూ ఒక్కొక్కరే బాగున్నామని రాశారు. క్యాంప్‌బెల్ బేకి మాత్రం ఫోన్ కలవలేదు. చేసిన నంబరుకే చేస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆ పిల్ల తండ్రే ఫోన్ చేశాడు.

"అందరం బాగున్నాం టీచరమ్మా. కొండ మీదకి ఎక్కీసినాం. టవర్ పని సెయ్యనేదు."

ఆ మెసేజ్ వల్లే మా అమ్మను బయటికి తేగలిగానని చెప్పాను.

"నాను బయటికి రమ్మని కేకలేస్తంటే ఇది కూకుని మీకు రాస్తంది. సెయ్యట్టుకుని ఈడ్చుకొచ్చినాను. ఆ ఎనకే గోడ పడిపోనాది."



తర్వాతి శనివారం పిల్లలు జెట్టీని పట్టించుకోనే లేదు. ఆమెకు ముందు ఊగి, మాకు ఆలస్యంగా ఎందుకు ఊగిందన్నదే వాళ్ళ వాదన. ఎవరికి ఎప్పుడు తెలిసిందో చాట్‌లో వెతికి, ఒకే మ్యాపు మీద అందరూ గుర్తులు పెట్టారు. భూకంపం దక్షిణాన సముద్రంలో పుట్టిందని తేల్చుకున్నారు. అందరికంటే హుషారుగా ఉన్నది ఆ అమ్మాయే.

సంతోషించాల్సిన చోట నాకు భయం వేసింది. అందర్నీ ఆపాను.

"మళ్ళీ ఊగితే ఎవ్వరూ రాయకూడదు. ముందు పరుగెత్తాలి. నాకు కూడా రాయొద్దు."

"లేకిన్ టీచర్, నేను రాయకపోతే మీ అమ్మగారు?" అని ఆమె మైకులో అడిగింది.

"మా అమ్మను నేను చూసుకుంటాను. నువ్వు పరుగెత్తు."

సరేనన్నట్టు "ఠీక్ హై" అంది. ఆ గొంతులో ఒప్పుకోలు నాకు వినిపించలేదు.