మామ చీర

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో, కోయంబత్తూరు నుంచి తుడియలూరు వెళ్లే దారిలోని ఒక నూలు మిల్లులో లేబర్ ఆఫీసరుగా చేరాను. నియామకాలు, సెలవులు, ప్రమాదాల విచారణ నా పని. అయితే నియామకం నాది పేరుకే. మనుషులను తెచ్చేది జాబర్లు. జాబరంటే ఒక సెక్షను పనివాళ్ల మీద పెద్ద. తన చుట్టాలను తెచ్చి చేర్చడం ఆనవాయితీ.

నేను చేరిన ఏడాదే రీలింగ్ సెక్షనులో సలోమి అనే అమ్మాయి జడ, యంత్రాలను తిప్పే షాఫ్టు నుంచి దిగే బెల్టులో చిక్కుకుంది. రీలింగంటే నూలును చిలపలుగా చుట్టడం. అక్కడ అందరూ ఆడవాళ్లే. బెల్టు ఆపేలోగా ప్రాణం పోయింది. పోలీసు పంచనామా, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు తనిఖీ, శవపరీక్ష ముగిశాక మరునాడు దేహాన్ని ఇంటికి చేర్చాము.

తల్లి మరియమ్మ వితంతువు, నేను వెళ్లే చర్చి సంఘస్థురాలు. ఆమె బాప్తిస్మం పొందిన నాటి నుంచి అన్న రంగసామి ఆ గడప తొక్కలేదు. అతను మా మిల్లులోనే జాబరు.

సంఘపెద్దలు పెట్టెకు మేకులు కొట్టించారు. మరియమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది.

"మామ చీర కప్పంది నా బిడ్డను ఎత్తనీను."

ఆడపిల్ల పోతే మేనమామ కొత్త చీర కప్పాకే ఎత్తాలన్నది ఆ ఇళ్ల కట్టుబాటు. అది అన్యమతాచారమన్నారు పెద్దలు. నేను ఒప్పుకోలేదు. మేను అంటే దేహం. తల్లి పుట్టిన దేహంలోనే పుట్టినవాడు గనుక మేనమామ. బైబిలు వాక్యంలోనూ ఒక మేనమామ చెల్లెలి కొడుకును తన ఎముక, తన మాంసమన్నాడు. పెద్దలకు ఆ మాట చెప్పి మిల్లుకు వెళ్లాను.

రంగసామి నూలు వడికే రింగ్ ఫ్రేముల మధ్య ఉన్నాడు.

"ఏసు వేదంలో చేరినోళ్లకు మామ చీర యాటికింగ సార్? మీ సామి దుప్పటి ఇయ్యలేదా?"

నీ చెల్లెలే అడుగుతోందన్నాను. అతను చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"ఆ పిల్లను రీలింగులో పెట్టిచ్చింది నేనేంగ. చెల్లెలికి తెలీకుండా. యే మొగం పెట్టుకొని పోను?"

జాబరు షిఫ్టు మధ్యలో బయటికి పోవాలంటే స్పిన్నింగ్ మాస్టరు అనుమతి కావాలి. నేనే అడిగి ఇప్పించాను. దారిలో చీర కొన్నాడు.

మేకులు కొట్టేశాం గదా అని ఒక పెద్ద గొణిగాడు. రంగసామి జేబులోని స్క్రూడ్రైవరుతో మూత పెకలించాడు. ఎవరూ ఆపలేదు. ఆసుపత్రి గుడ్డ చుట్టిన ఆ తలను చాలాసేపు చూసి, చీరను మెడ దాకా కప్పాడు.

"అమ్మిణీ, మిల్లులో దీన్ని చేర్పిచ్చింది నేనే," అన్నాడు చెల్లెలితో.

"తెలుసన్నా. చేరిన నాడే పిల్ల చెప్పింది. నువ్వు చూడాలనే చీర అడిగినా."

మేకులు మళ్లీ అతనే కొట్టాడు. అప్పుడు మరియమ్మ వాకిట్లోంచి లేచింది. ప్రార్థన చేసి సమాధికి తీసుకువెళ్లాము.

మేనమామ అన్న మాటకు నేను పెద్దలతో చెప్పిన అర్థంలో ఆదరణ ఒక్కటే ఉంది. ఒకే దేహమన్న తర్వాత జవాబు చెప్పవలసిన భారం కూడా ఉంటుందని మరియమ్మ చూపించింది. అప్పటి నుంచి జాబరు ఎవరిని తెచ్చినా, వీళ్లు నీకేమవుతారని అడిగి, యంత్రం దగ్గరికి అతనితోనే నడిపించి చూపించేవాణ్ణి. మిల్లులో చావు జరిగితే పోలీసుల తర్వాత కబురు పోయినవాళ్ల మేనమామకు వెళ్లేది. మా సంఘంలోనైతే అతను వచ్చేదాకా పెట్టెకు మేకులు కొట్టనిచ్చేవాణ్ణి కాదు.