గోదాం లైను

శాలిబండ రోడ్డు మీద, పాత దేవిడీ భవంతి ఒకటి అద్దెకు తీసుకుని ఒక నూలు సొసైటీ ఆఫీసు నడిచేది. మిల్లుల దగ్గర నూలు కొని జిల్లాల్లోని మగ్గాలకు పంపడం దాని పని. మెట్ల కింద కిటికీ లేని చిన్న గదిలో టెలిఫోన్ బోర్డు ఉండేది. దాని ముందు ఆండాలు కూర్చునేది.

ఆండాలు మగ్గం ఇంటి పిల్ల. చిన్నతనంలోనే పెళ్లయింది. భర్త పవర్‌లూముల పనికని భివండి పోయాడు. మొదట్లో దసరాకు వచ్చేవాడు, తరువాత రావడం మానేశాడు. అక్కడ ఇంకొకామెతో సంసారం పెట్టుకున్నాడని ఆ ఊరికి పోయి వచ్చినవాళ్లు చెప్పారు. ఆండాలు కొన్నాళ్లు ఏడ్చింది. ఆ తరువాత మెట్రిక్ పరీక్ష కట్టి పాసైంది, టెలిఫోన్ ఆపరేటర్ పని నేర్చుకుంది, ఈ ఉద్యోగంలో చేరింది. ఆఫీసుకు రెండు గల్లీల అవతల కిరాయి ఇంట్లో తల్లి బుచ్చమ్మతో ఉండేది.

పాత బోర్డు నల్లటి చెక్క బీరువాలా ఉండేది. ఆఫీసులో ఎవరు ఫోను ఎత్తినా బోర్డు మీద ఒక చిన్న మూత టప్పుమని కిందికి పడేది. ఆండాలు అక్కడ తీగ గుచ్చి, "ఎవరు గావాలె సార్?" అని అడిగి, రెండో తీగ వాళ్లకు గుచ్చేది. పక్క గదిలో ఉన్న మనిషితో మాట్లాడాలన్నా ఆమెను అడగాల్సిందే. అందరి గొంతులూ ఆమెకు తెలుసు. ఎవరికి జలుబు చేసిందో, ఎవరి ఇంట్లో పొద్దున లొల్లి అయిందో ఒక్క మాటలో పోల్చుకునేది. "ఆండాలమ్మా, సాబ్ ఇయ్యాల ఎట్లున్నడు? పోయి లీవు అడగొచ్చునా?" అని గుమాస్తాలు ఆమెను అడిగిన తరువాతే మేనేజరు గది మెట్లెక్కేవాళ్లు.

బుచ్చమ్మకు చివరి ఏళ్లలో చెవులు పూర్తిగా పోయాయి. పగలంతా మెల్లగా మాట్లాడే ఆండాలు ఇంటికొచ్చి గొంతు చించుకోవాల్సి వచ్చేది. "ఏం కూర వండాలె?" అని ఆమె అరిస్తే, "చింతచిగురు వండు!" అని గల్లీలోంచి ఎవరో ఒకరు జవాబిచ్చేవాళ్లు. తల్లి నవ్వేది, ఏం వినబడిందో ఏమో. ఎనభై ఆరు వానాకాలంలో బుచ్చమ్మ పోయింది. దినాలయ్యేదాకా ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. తరువాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఆ ఇంట్లో ఇక గట్టిగా మాట్లాడవలసిన పని లేదు. అసలు మాట్లాడవలసిన పనే లేదు.

మరుసటి ఏడాది ఆఫీసుకు కొత్త బోర్డు వచ్చింది.

దాన్ని పెట్టడానికి సికింద్రాబాదు నుంచి కొండల్ అనే ఇంజనీరు వచ్చాడు. కొత్తగా పెళ్లయిన కుర్రవాడు, నెమ్మదస్తుడు. నల్ల బీరువా తీసేసి గోడకు ఒక తెల్లటి ఇనుప పెట్టె బిగించాడు. దానికి తీగలు గుచ్చే పని లేదు, మూతలు పడేది లేదు. ఆండాలు టేబుల్ మీద మీటలున్న ఫోను ఒకటి పెట్టాడు.

"ఏ ఫోను ఏం చేయాలెనో పెట్టెకు మీరే చెప్పాలె అక్కా. ఈ ఫోనుతోనే చెప్పాలె" అన్నాడు. "ఇట్ల ఎత్తి తాళం నంబరు నొక్కుండ్రి. పొడుగ్గ కూత వస్తది. అంటే పెట్టె వింటున్నట్టు. అప్పుడు ఏ ఫోనో దాని నంబరు కొట్టి, దాని వెనక ఒక అంకె కొట్టాలె. ఒకటంటే ఆఫీసు లోపట్నే మాట్లాడొచ్చు. రెండంటే సున్నా కొట్టి ఊరంతా మాట్లాడొచ్చు. మూడంటే వేరే ఊర్లకు ఎస్టీడీ గూడ. రెండుసార్లు కీచుమంటే పెట్టె ఒప్పుకున్నట్టు. గడగడ కొట్టుకున్నదంటే తప్పు నొక్కినట్టు."

"నాకొస్తదా బాబూ ఇది?"

"ఎందుకు రాదు? మీకంటే చెవి ఎవరికున్నది ఈడ?"

వెంటనే ఏమీ రాలేదు. మొదటి రోజే మేనేజరు వెంకటనారాయణ నంబరూ క్యాంటీను నంబరూ తారుమారు చేసింది. ఆ రోజంతా ఎవరెవరో మేనేజరుకు ఫోను చేసి, "రెండు చాయ్, ఒక ఉస్మానియా బిస్కట్ పంపు భాయ్" అన్నారు. కొండల్ నవ్వి, తప్పు ఎక్కడుందో చూపించి, మళ్లీ ఆమెతోనే నొక్కించాడు.

ఎవరికి ఏ అంకె ఇవ్వాలో మేనేజరు పిలిచి చెప్పాడు. ఆఫీసర్లకు మూడు. సెక్షన్లకు రెండు. క్యాంటీనుకూ అటెండర్ల గదికీ ఒకటి. "గోదాంకు రెండియ్యి ఆండాలమ్మా. లారీలోళ్లకు ఫోన్లు చేసుకోవాలె గదా" అన్నాడు.

గోదాం సైదాబాద్‌లో ఉండేది. టెలిఫోను శాఖవాళ్లు వేసిన తీగ మీద, ఆఫీసు బోర్డు నుంచే అక్కడికి ఒక ఫోను ఉండేది. గోదాం చూసుకునే భిక్షపతి రోజూ ఆఫీసు తెరవగానే, "అక్కా, గోదాం" అనేవాడు. లారీ ఆఫీసు అడిగేవాడు. లైను కలిసేలోగా, "తిన్నరా అక్కా? ఏం కూర?" అనేవాడు. నూలు బేళ్ల మధ్య పిల్లి ఈనిందనీ, వాన పడితే ఫలానా మూలకు నీళ్లు వస్తాయనీ చెప్పేవాడు. బుచ్చమ్మ పోయిన తరువాత, ఊరంతా మరిచిపోయాక కూడా, "ఒక్కరికే వండుకోబుద్ధి కాదక్కా, నాకెరుకే. అయినా తినాలె" అన్నది అతనొక్కడే. ఆమె అతన్ని చూసింది అరుదు. ఎప్పుడైనా ఆఫీసుకు వస్తే చంకలో గొడుగుతో సన్నగా కనిపించేవాడు. ఫోనులో వినే మనిషి ఇతనేనా అనిపించేది.

ఆఖరున గోదాం వంతు వచ్చింది. తాళం నంబరు నొక్కింది. కూత వచ్చింది. గోదాం నంబరు కొట్టింది. రెండు అంకె మీద వేలు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది. తరువాత వేలు పక్కకు జరిపి ఒకటి నొక్కింది. పెట్టె రెండుసార్లు కీచుమంది.

రేపు మార్చొచ్చులే అనుకుంది.

కొండల్ వెళ్లిపోయాడు. ఆఫీసులో అందరూ అందరికీ తామే ఫోన్లు చేసుకున్నారు. కావాలంటే సున్నా కొట్టి బయటికీ చేసుకున్నారు. మేనేజరు కోపంగా ఉన్నాడా అని ఆండాలును అడిగేవాళ్లు లేరు. ఫలానా సెక్షను కావాలని బయటివాళ్లు చేసే ఫోన్లు మాత్రం వచ్చేవి. ఒక మీట నొక్కితే ఆ పని అయిపోయేది. తక్కిన సమయమంతా ఆమె తెల్ల పెట్టెను చూస్తూ కూర్చునేది. అందులో సన్నగా ఏదో టిక్కుటిక్కుమనేది, లోపల మాటలు పోతున్నట్టు. ఏ మాటలో ఆమెకు తెలియదు.

"అక్కా, గోదాం" అని భిక్షపతి మాత్రం రోజూ అనేవాడు. ఒకరోజు అడిగాడు: "సున్నా కొడితే బయట లైను వస్తదంటున్నరు గదక్కా. మాకేంది, ఎంత కొట్టినా వస్తలేదు?"

ఆండాలు అంది: "దూరం లైను గదన్నా. మీకు రాదు. నేను కలుపుత."

"అట్లనా? సరే తియ్యి" అన్నాడు. అతనికి అనుమానమే రాలేదు. ఆ రోజు పిల్లికూనలు కళ్లు తెరిచాయని చెప్పాడు. రేపు మార్చాలనుకోవడం ఆమె మానేసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో, మధ్యాహ్నం అన్నం వేళ, గోదాంలో ఎత్తుగా పేర్చిన బేళ్లు జారి దుర్గయ్య అనే హమాలీ కాళ్ల మీద పడ్డాయి. పాత బోర్డు ఉన్నప్పుడు ఆండాలు అన్నానికి పోతే అటెండరు వచ్చి కూర్చునేవాడు. కొత్త బోర్డు వచ్చాక ఆ అవసరం లేదన్నారు. ఆమె మేడ మీద టైపిస్టుల గదిలో గిన్నె విప్పుకుని తింటోంది. కింద ఖాళీ గదిలో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది.

మర్నాడు భిక్షపతి మేనేజరుకు జరిగింది చెప్పడానికి వచ్చాడు. ముందు ఆండాలు గది గుమ్మం దగ్గర ఆగాడు. చొక్కా మీద నెత్తురు మరక ఇంకా పోలేదు.

"నిన్న ఎంత కొట్టిన అక్కా! మోగుతనే ఉన్నది. దవాఖానకు చేద్దామంటే నాకు లైను లేకపాయె. ఆఫీసుల వేరే నంబర్లు నాకెక్కడ ఎరుక? నీ నంబరొక్కటే ఎరుక. ఇగ రోడ్డు మీదికి ఉరికిన. ఎండకు ఒక్క ఆటో లేదు. తోపుడు బండి మీద పండబెట్టుకొని తోసుకుంట పోయినం."

"ఎట్లున్నడు?"

"పానానికి ఫికర్ లేదన్నరు. ఒక కాలు మాత్రం మంచిగ కాదంట."

ఇంకాస్త ముందు తీసుకెళ్తే ఆ కాలు దక్కేదా అన్నది డాక్టరు చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఆండాలు మాత్రం తరువాత చాలా ఏళ్లు తనను తాను అడుగుతూనే ఉంది.

మేనేజరు ఆ మధ్యాహ్నం కొండల్‌ను పిలిపించాడు. తలుపు తెరిచే ఉంది. కింద మెట్ల దగ్గరికి అన్నీ వినబడుతున్నాయి. "గోదాంకు రెండియ్యమన్న. మీ మిషిన్ ఒకటి ఇచ్చింది. ఒక మనిషి కాలు పోయింది. మీ కంపెనీకి ఏం రాయమంటవు చెప్పు!"

అంకెలన్నీ నొక్కింది ఎవరో కొండల్‌కు తెలుసు. అయినా, "నేనే ఆఖరుకు ఒకసారి చూసుకోవలసి ఉండె సార్. చూడలేదు" అన్నాడు.

ఆండాలు మెట్లెక్కింది. ఆ గదిలో భిక్షపతి కూడా నిలబడి ఉన్నాడు.

"ఆ పిల్లగానిది తప్పు లేదు సార్. నేను నొక్కిన."

వెంకటనారాయణ చెడ్డవాడు కాదు. ఆమెకు తప్పుకునే దారి చూపించాడు. "పొరపాటున ఒకటి నొక్కినవా? కొత్త మిషిన్, ఎవరికైనా అయితది."

"పొరపాటు కాదు సార్. తెలిసే నొక్కిన."

"ఎందుకు?"

ఆండాలు భిక్షపతి వైపు చూసింది. మేనేజరు మళ్లీ అడిగాడు.

"అన్నకు లైను ఇస్తే, ఇగ నా ఫోను మోగది సార్" అంది.

భిక్షపతి గొడుగు పిడిని చూస్తూ నిలబడ్డాడు. కిందికి దిగివచ్చి ఆండాలు తాళం నంబరు నొక్కింది, గోదాం నంబరు కొట్టింది, రెండు నొక్కింది. కొండల్ పక్కన నిలబడి చూశాడు. వెళ్లేటప్పుడు, "పోయొస్త అక్కా" అన్నాడు.

ఆమెకు మెమో ఇచ్చారు. బోర్డు మీంచి తీసి మేడ మీద టపా సెక్షనులో వేశారు. కవర్లు అంటించి ముద్రలు కొట్టే పని. ఆపరేటర్ ఫోను మేనేజరు గది ముందు కూర్చునే గుమాస్తా టేబుల్ మీదికి చేరింది. కొద్ది రోజులకు భిక్షపతి ఏదో పని మీద ఆఫీసుకు వస్తే ఆండాలు వరండాలో ఎదురుపడింది.

"అన్నా, నీతోని అబద్ధమాడిన" అంది.

"పోనియ్యండ్రి మేడం" అన్నాడతను. అక్కా అనలేదు. "నేను పని కోసం చేసేటోన్ని. మీరు గింత మనసుకు తీసుకుంటరని నాకేం ఎరుక?" అతని గొంతులో కోపం లేదు. ఎవరో కొత్త మనిషితో మాట్లాడినట్టు ఉంది. ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తారని వెళ్లిపోయాడు. అతనికి పిల్లలున్నారని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఒక ఆదివారం ఆండాలు చాంద్రాయణగుట్ట బస్సెక్కింది. దిగి, అడిగి అడిగి దుర్గయ్య ఇల్లు పట్టుకుంది. రేకుల ఇల్లు. దుర్గయ్య లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. భార్య నీలమ్మ గడపలో కూర్చుని ఊదుబత్తీలు చుడుతోంది. పీట మీద నల్లటి ముద్ద, పక్కన పుల్లల కట్ట. ఆండాలు నిలబడే జరిగిందంతా చెప్పింది. నీలమ్మ చేతులు ఆగలేదు.

"ముచ్చట పెట్టనీకి మనిషి లేక గీ పని చేసినవా?"

"అవును."

"మా గల్లీల గింతమంది ఉన్నరు. ఒక్కరన్నా నోరు మూస్తరా? వచ్చి కూసోకపోయినవా?" అని కసిరింది. కాసేపటికి మళ్లీ, "గిది నాకు జెప్పి నీ బరువు దించుకున్నవు. నాకేం ఒరిగింది?" అంది.

లోపలి నుంచి దుర్గయ్య, "ఎవరే వచ్చింది?" అని అడిగాడు. "ఆఫీసు ఆమె" అంది నీలమ్మ. "చాయ్ పెట్టరాదు" అన్నాడు. నీలమ్మ లేవలేదు. ఆండాలు పోనూ లేక, ఉండనూ లేక, గడప అవతల నేల మీద కూర్చుంది. చాలాసేపటికి నీలమ్మ పుల్లల కట్టను కాలితో ఆమె వైపు తోసింది.

ఆండాలు చుట్టిన బత్తీలు వంకరగా వచ్చాయి. నీలమ్మ వాటిని విప్పి మళ్లీ చుట్టింది.

పై ఆదివారం కూడా వెళ్లింది, ఆ పై ఆదివారం కూడా. దుర్గయ్య కర్రతో లేచి తిరిగాడు. ఆండాలు మేనేజరు గదికి పదే పదే పోయి అడిగింది. చివరికి సొసైటీ అతనికి గోదాం గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చింది. నీలమ్మ ఏనాడూ ఆమెను క్షమించానని అనలేదు. కొన్ని ఆదివారాలు గల్లీ సంగతులన్నీ చెప్పేది. కొన్ని ఆదివారాలు ఒక్క మాటా లేకుండా ముద్ద కలిపి, ఆండాలు వాటా పక్కకు పెట్టేది. అలాంటి రోజుల్లో ఇద్దరూ పొద్దు వాలేదాకా బత్తీలు చుట్టేవాళ్లు. తరువాత ఆండాలు నల్లబడ్డ చేతులు కడుక్కుని, "పోయొస్త నీలమ్మా" అని, బస్సు కోసం నడిచేది.