కుందేలు చెవిన సిరా చుక్క

బోనులు కడిగేరోజు బురూల్ కుందేళ్ళను తారుమారు చేసిందట. కళ్ళు మసకలట, అడిగితే ఒప్పుకోదట. ఆమె వల్లే బిష్కెక్ ప్రయోగశాలలో రెండేళ్ళ పని మట్టిపాలైందట. టీ గదిలో బోర్సోకులనే వేయించిన పిండి ముక్కలు నములుతూ అందరిదీ ఇదే మాట.

గడప దగ్గరే విన్నది బురూల్. పందొమ్మిదేళ్ళుగా మేత వేసి, బోనులు కడిగి, గొంతెత్తకుండా బతికిన మనిషి. చేతిలోని బకెట్టును నేలకేసి కొట్టింది.

ప్రయోగం ఎర్నిస్ అనే కుర్ర శాస్త్రవేత్తది. పన్నెండు కుందేళ్ళ కాలి ఎముకకు రంధ్రం చేసి, స్పాంజి లాంటి అచ్చు పెట్టాడు. మూలకణాలు అందులోకి పాకివచ్చి కొత్త ఎముక కట్టాలి. ఒంట్లోని రక్షణ కణాలు అచ్చును పరాయిదనుకుని అడ్డుపడతాయని, ఆరింటికి వాటిని అణచే మందు ఇచ్చాడు. ఆరింటిని ఊరికే వదిలేశాడు. తీరా కోసి చూస్తే మందు పడ్డవాటి అచ్చులు ఖాళీ. పడనివాటిలో మూలకణాలు కిక్కిరిసి ఉన్నాయి.

"బోనులు మార్చేశానని సాయంత్రంలోగా రాసిచ్చెయ్, ఎజే. ఉద్యోగం మాత్రం వదులుకోవాలి," అన్నాడు బకెట్టు చప్పుడుకి వచ్చిన ఎర్నిస్, అక్కా అని పిలుస్తూనే.

"చెయ్యని తప్పుకి సంతకం పెట్టాలా? నీ నాలుక్కి సిగ్గులేదూ?"

"మరి ఫలితం తలకిందులెందుకైంది?"

"నీ ఊహ తప్పితే నా పొట్ట కొడతావా? గాయం ముందు వాస్తుంది నాయనా. ఆ వాపే పూడ్చేవాళ్ళని పిలుస్తుందేమో! నువ్వు దాని నోరు నొక్కేశావ్."

"మీ ఇంటి గొర్రెల కబుర్లు నాకు చెప్పకు."

"సరే, చెవుల కబురు చెప్తా. రా."

చెయ్యి పట్టుకుని, కోసిన కుందేళ్ళను సంచుల్లో దాచిన శీతలపెట్టె దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. మంద మేపేవాళ్ళ ఇంట పుట్టిన మనిషి. అక్కడ గొర్రె ఎవరిదో చెవి గాటే చెబుతుంది. బోను మీది కాగితాన్ని ఆమె ఏనాడూ నమ్మలేదు. మొదటి సూది పడకముందే, మందు పడబోయేవాటికి ఎడమ చెవిలో, పడనివాటికి కుడి చెవిలో సూదిమొనతో సిరా చుక్క పొడిచింది.

"నిన్నెవరు పెట్టమన్నారు?"

"మా నాన్న నేర్పాడు. నీలాంటోళ్ళు ఉంటారని ఆయనకి తెలుసు. చూడు, కళ్ళు మసకలు నాకా నీకా!"

ఒక్కో సంచీ విప్పింది. ఎర్నిస్ సంచుల మీది బోను నంబర్లు చదివాడు, చెవులు తిప్పి చూశాడు.

మందు పడ్డ ఆరింటికీ చుక్క ఎడమ చెవినే ఉంది, పడని ఆరింటికీ కుడి చెవినే ఉంది. ఒక్క కుందేలూ బోను మారలేదు.