మధ్యాహ్నం పూట బిగుసుకుపోయే కంప్యూటరు

నా పడుచుతనపు రోజుల్లో, మనిషి ఏ విద్యయినా ఎవరి సాయమూ లేకుండా నేర్చుకోగలడని నాకు గట్టి నమ్మకం. ఇప్పటికీ నమ్మకం ఉంది గానీ, గట్టితనం కాస్త తగ్గింది. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పుస్తకాలు చూసి రేడియోలు బాగుచెయ్యడం నేర్చుకుని, రాజోలులో కొట్టు పెట్టుకుని బతికినవాణ్ణి. అందుచేత నలభై అయిదో ఏట, రావులపాలెంలో ఇంటర్నెట్ సెంటరు మూసేస్తున్న ఒకాయన దగ్గర పాత కంప్యూటరు కొని ఇంటికి తెచ్చినప్పుడు, ఇదీ రేడియోకి అన్నగారే కదా అనుకున్నాను. (నలభై అయిదు పడుచుతనమా అని నవ్వకండి. డెబ్భై దాటినవాడికి అది పడుచుతనమే.) కొన్నది ఆటలకి కాదు. సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు వేళకి రాదనీ, మా వీధి దీపం పగలు వెలిగి రాత్రి ఆరిపోతుందనీ అధికార్లకి ఉత్తరాలు రాయడానికి. చేత్తో రాస్తే ఎవరూ చదవడం లేదు. టైపు చేసినా చదవలేదు, అది వేరే సంగతి.

మా ఆవిడ పుట్టిల్లు గోదారి అవతల, నర్సాపురం పక్కన. ఆ వైపు ఆడవాళ్లకి మాటలతో పాటే లేసు అల్లిక వస్తుంది. మా ఇంట్లో రేడియోకీ, టీవీకీ, చివరికి మంచినీళ్ల బిందెకీ కూడా లేసు ముసుగు ఉండేది. కంప్యూటరు పెట్టెకీ ఒకటి అల్లింది, మీట నొక్కడానికి ముందువైపు చిన్న కన్నం వదిలి. తొడిగేక చూస్తే, జ్ఞానస్నానానికి ముస్తాబు చేసిన పసిపిల్లలా ఉంది ఆ పెట్టె. నేను అక్కడితో ఊరుకోవచ్చు కదా. లేసు కన్నాల్లోంచి దుమ్ము పోతుంది, లోపల దళసరి గుడ్డ వేసి కుట్టమన్నాను. గాలాడదేమోనండి అంది. యంత్రానికి గాలెందుకు, దానికేమన్నా ముక్కుందా అన్నాను. కుట్టింది.

తెల్లవారుఝామున చల్లటి వేళ నేను ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. మధ్యాహ్నం భోజనాలయ్యేక ఆవిడ కూర్చునేది. అంతవరకూ ఆవిడ అల్లినవన్నీ లేసులు కొనే ఏజెంటు ఇచ్చిన డిజైన్లే. దారం ఆయనిస్తాడు, పువ్వు ఎక్కడ రావాలో ఆయనే చెబుతాడు. కంప్యూటర్లో గళ్ల పట్టిక ఒకటుందని తెలిసేక, నల్లగా నింపితే దారం, వదిలేస్తే కన్నం అని లెక్కపెట్టుకుని, తన సొంత డిజైను ఒకటి మొదలుపెట్టింది. మా గుళ్లో, అదే చర్చిలో, రొట్టే ద్రాక్షరసమూ పెట్టే సంస్కారపు బల్ల మీద పరిచే గుడ్డకి. క్రిస్మసు నాటికి అల్లడం పూర్తవ్వాలంటే వేసవిలోనే గీసుకోవాలట. ఏం గీస్తోందో నేనడగలేదు.

అప్పుడు మొదలైంది ఈ బిగుసుకుపోవడం. బాణం గుర్తు కదలదు, మీటలు పలకవు, బొమ్మ ఎలా ఉన్నది అలా నిలబడిపోతుంది. స్విచ్చి ఆపి మళ్లీ వేస్తే కాసేపు నడిచి మళ్లీ అంతే. నేను స్టెబిలైజరు మార్చేను. ప్లగ్గు మార్చేను. మరలన్నీ బిగించేను. పెట్టె విప్పినప్పుడల్లా చక్కగా పనిచేసేది. ముసుగు తొడిగి పెట్టేక మొండికేసేది. దీన్నిబట్టి నాకు అర్థమైందేమిటయ్యా అంటే, అది నన్ను చూసి భయపడుతోందని. మెకానిక్కుని పిలుద్దామండీ అని ఆవిడంటే నాకు తలకొట్టేసినట్టయింది. నాకంటే తెలిసినవాడు ఈ తాలూకాలో ఎవడు?

చివరికి శాస్త్రీయంగా తేల్చాలని ఒక నోటుపుస్తకం పెట్టేను. బిగుసుకున్న వేళ, అప్పటి వోల్టేజీ, ఎదురుగా ఉన్న మనిషి. పది రోజులు రాసి చూస్తే, నా చేతిలో ఒక్కసారీ ఆగలేదు. ఆగిందల్లా ఆవిడ చేతిలోనే. రుజువు చేతికొచ్చిన ఆనందంలో, "నువ్వే ఏదో నొక్కకూడనిది నొక్కి దాని బుర్ర పాడుచేసేవు" అన్నాను. నేను గళ్లు తప్ప ఏమీ నొక్కలేదండి అంది. మొత్తం తుడిచేసి మొదట్నించీ ఎక్కించాలి, అందులో నీవేమన్నా ఉన్నాయా అని గదమాయించేను. ఆవిడ నోటుపుస్తకం కేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, "నావి బొమ్మలేనండి. మీ ఉత్తరాలు జాగ్రత్త చేసుకోండి" అంది. నేను ఉత్తరాలు జాగ్రత్త చేసుకుని, మిగతాదంతా తుడిచేసేను.

మర్నాడు ఆవిడ వాళ్ల అక్కగారింటికని పంటెక్కి వెళ్లింది. మధ్యాహ్నం నేనే దర్జాగా కూర్చుని కలెక్టరు గారికి ఉత్తరం మొదలెట్టేను. పావుగంటలో బిగుసుకుపోయింది. ఇంట్లో రెండో మనిషి లేదు. కోపంతో పెట్టె మీద ఒకటి వేద్దామని చెయ్యి పెడితే, పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది. ముసుగు లాగేసేను. కాసేపాగి మళ్లీ వేస్తే, సాయంత్రందాకా ఆగకుండా నడిచింది. అది నడుస్తున్నకొద్దీ నాకు కూర్చోబుద్ధి కాలేదు.

రెండు రోజులకి ఆవిడ తిరిగొచ్చి, బాగుపడిందాండీ అని అడిగింది. ఆయ్, సరిచేసేను అన్నాను. అంతే అన్నాను. మళ్లీ గీసుకోకూడదూ అని మాత్రం గొంతు తగ్గించి అడిగేను. "అల్లికలో తప్పు పడితే విప్పుకుని, అదే దారంతో మళ్లీ అల్లుకుంటానండి. ఇందులో దారం కూడా మిగల్లేదు కదండి" అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ కంప్యూటరు ముట్టుకోలేదు. ఆ క్రిస్మసుకి బల్ల మీద ఏజెంటు గారి గులాబీల డిజైను గుడ్డే పరిచేం. అందరూ మెచ్చుకున్నారు. పాస్టరు అయ్యగారి ప్రసంగం ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

ఇన్నేళ్లకి, మొన్న క్రిస్మసు నెలలో, ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, ఉండబట్టలేక చెప్పేసేను. అప్పుడు తప్పు నీది కాదు, నేను కుట్టించిన గుడ్డదని.

"తెలుసండి" అంది తలెత్తకుండా. "ఊర్నించి వచ్చేసరికి ముసుగు తీసేసి ఉంది కదండి."

"మరి అప్పుడే అడగలేదేం?"

"ఒప్పుకోడానికి అప్పటికి మీకు వయసు చాల్లేదండి."

ఇంకొకరైతే నాకు కోపం వచ్చేదే. ఇంతకీ ఏం గీసేవని అడిగేను, అడగాల్సిన పాతికేళ్ల తరవాత.

"గోదారండి. అటూ ఇటూ కొబ్బరిచెట్లు. మధ్యలో పడవ సగమే వచ్చింది. ఎటు వెళ్లాలో ఇంకా అనుకోలేదు."

ఆ సగం పడవ తెర మీద ఉండగా, ఒక్కసారి వంగి చూసే తీరిక లేక, వోల్టేజీ కొలుచుకుంటూ ఇల్లంతా తిరిగిన ఆ నలభై అయిదేళ్ల మేధావి కళ్లముందు కనిపించేడు. తిట్టాలనుకున్నాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఇంకేదో వచ్చింది. పళ్లెం కాస్త ఇటు జరుపుకుని నేనూ ఈనెలు తియ్యడం మొదలెట్టేను.

"అలా కాదండి, రెండో వైపు ఉండిపోతోంది" అంది.

"ఆయ్" అన్నాను.