తువ్వాలు కింద చెయ్యి

మా పాల కంపెనీకి బర్రెలు అమ్మిన, ఊళ్లో అందరూ తాత అని పిలిచే పెద్దాయన ఎప్పుడూ నోటితో ధర చెప్పేవాడు కాదు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద నా వేళ్లు పట్టుకుని బేరం తేల్చేవాడు. కోయిలకుంట్ల సంతలో ఆయన వేళ్లకు ఎదురు లేదు.

కంపెనీ మునిగింది. చివరగా తోలిన బర్రెల డబ్బు అడగడానికి తాత మా ఇంటికొచ్చాడు.

"అది లిమిటెడ్ కంపెనీ, తాతా. చట్టానికి అది వేరే మనిషి. అప్పు దానిది. నేను పెట్టిన పెట్టుబడి వరకే నాకు నష్టం. నా ఇంటి జోలికి ఎవరూ రాలేరు," అని ఆడిటర్ నేర్పినదంతా అప్పజెప్పాను. బడిలో ఏ పాఠమూ అంత తప్పుల్లేకుండా చెప్పిన పాపాన పోలేదు.

"వేరే మనిషా? యాడ ఉండాడప్పా, పిలువు."

"కాగితాల్లో ఉంటాడు, తాతా."

ఆయన కోప్పడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. కింద నా వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"ఆ పొద్దు నేను పట్టుకునింది ఈ చెయ్యే గదప్పా," అన్నాడు. తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇల్లు మిగిలింది. ఈనాటికీ సంతలో ఎవరైనా తువ్వాలు తీస్తే నా చెయ్యి జేబులోకి పోతుంది. డబ్బు తీయడానికైతే బాగుండు, దాక్కోవడానికే.