గింజ పడకముందే సంచి

మిల్లు ఆగిపోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మా పెద్దమ్మ కొడుకు, మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గుమాస్తా. "చెల్లె, నువ్వు రాసింది ఏందోగని మిషన్ బిగుసుకపోయింది. మా సేటు కారాలు నూరుతుండు" అన్నాడు ఫోన్‌లో. ఆ రోజుల్లో తప్పు అనేది నాకు ఎప్పుడూ ఎదుటివాళ్ల దగ్గరే కనిపించేది. "కరెంటు చూడు అన్నయ్యా" అన్నాను నిబ్బరంగా.

సూర్యాపేటలో మాది చిన్న ఆఫీసు. బియ్యంలో నల్లగింజలను కెమెరాతో కనిపెట్టి గాలితో ఊదేసే మిషన్‌కు కార్డు తయారుచేశాం. ఆ కార్డును కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రాం నాది. మూడు నెలలు చూసి, బాగుంటే ఉద్యోగంలో ఉంచుకుంటామన్నారు. కోదాడలో వంటింటి గడప మీద కూర్చుని అమ్మ దగ్గర చదువుకున్నదాన్ని (బడికి పరీక్షలు రాయడానికే వెళ్లాను), అంత దూరం రావడమే దేవుడి దయ. ఆ దయను నా తెలివి అనుకోవడం మాత్రం నా సొంత పని.

కెమెరా బొమ్మ పంపిన ప్రతిసారీ దాన్ని ఉంచడానికి కెర్నల్‌ను, అంటే కంప్యూటర్ పనులన్నీ నడిపించే లోపలి ప్రోగ్రాంను, కాస్త జాగా, అంటే మెమరీ, అడగాలి. అడగడానికి రెండు పద్ధతులు. మొదటిది, ఖాళీ లేకపోతే దొరికేదాకా ఆగుతుంది. రెండోది ఆగదు, ఖాళీ లేకపోతే వట్టి చేతులతో వచ్చేస్తుంది. "దొరకకపోతే ఓపిక పట్టాలమ్మా, గుంజుకోకూడదు" అని నేర్పిన ఇంట్లో పెరిగాను కనుక మొదటిదే పెట్టాను. కానీ కెమెరా పిలిచినప్పుడు కెర్నల్ చేతిలో పనులన్నీ వదిలి పలుకుతుంది. ఆ క్షణంలో ఆగి కూర్చుంటే కంప్యూటరే ఆగిపోతుంది. ఆఫీసులో ఖాళీ దండిగా ఉండేది, ఆగే అవసరమే రాలేదు. మిల్లులో వచ్చింది.

బస్సెక్కి వెళ్లాను. సేటు తల కూడా ఎత్తలేదు. "పొద్దుగూకేలోపు నడవాలె. లేకుంటే కార్డు వాపస్ తీస్కపో." కార్డు వెనక్కి వెళితే నేనూ కోదాడ వెళ్లాల్సిందే. ఒక్క మాట మార్చి రెండో పద్ధతి పెట్టాను. మిషన్ నడిచింది. అన్నయ్యకు టీ కూడా చెప్పాను. టీ సగం కాకముందే తెల్లబియ్యంలో నల్లగింజలు దర్జాగా దిగాయి. జాగా దొరకని బొమ్మలను నా ప్రోగ్రాం పారేస్తోంది.

పక్కన బియ్యం సంచులు పట్టి మూతులు కుట్టే అవ్వ నన్ను చూసింది. "ఏం బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

"గింజలొచ్చే టయానికి జాగా దొరకడం లేదవ్వా."

"గింజ పడ్డంక సంచి దేవులాడుతరా? మిషన్ సురువు గాకముందే మూతి మడిచి వరుసకు పెట్టుకోవాలె. నిండింది అవతలికి, ఖాళీది కిందికి. ఖాళీ అయినయి మళ్ల వరుసలకే."

ఆమె పక్కన వరుసగా ఉన్న సంచులను లెక్కపెడుతూ అడిగాను, "ఎన్ని పెట్టుకోవాలవ్వా?"

"మోసెటోని నడక సూస్కో. ఆడు మెల్లగ నడిస్తే ఇంకో నాలుగు ఎక్కువ పెట్టు." సూదిలో పురికొస ఎక్కించుకుంటూ అడిగింది, "సదువు ఎవలు జెప్పిండ్రు?"

"మా అమ్మ."

"మంచిగనే జెప్పింది. సంచుల ముచ్చటొక్కటే మర్శిపోయింది."

అక్కడే బియ్యపు ధూళిలో కూర్చుని మళ్లీ రాశాను. డ్రైవర్ మొదలయ్యేటప్పుడే, ఆగినా ఫరవాలేని సమయంలో, కావలసిన జాగా అంతా అడిగి వరుసగా పెట్టుకున్నాను. బొమ్మ పని అయిపోయిన జాగా మళ్లీ వరుసలోకే. కెమెరా పిలిచాక ఇక ఎవరినీ అడిగేది లేదు. ఎండ వాలేవేళకు సేటు దోసెడు బియ్యం తీసి, అద్దాలు పైకి నెట్టి, వేలితో కదిపి కదిపి చూశాడు. "కార్డు ఉండనియ్యి" అన్నాడు. నా ఉద్యోగం ఖాయమైనట్లు నాకు తెలిసింది ఆ రెండు మాటల్లోనే.

ఇప్పుడు ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు "మేడమ్, ఏ పద్ధతి వాడాలి?" అంటే, "ఇక్కడ ఆగొచ్చా? ఆగకూడదంటే ముందే తెచ్చుకోవచ్చా?" అని ఎంతో అనుభవమున్నదానిలా అడుగుతాను. వాళ్లు తలలూపి రాసుకుంటారు. కరెంటు చూడమన్న ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. అంత తెలిసినదాన్ని, ఆ అవ్వ పేరు అడగడం మాత్రం తెలియలేదు. మరుసటి ఏడు వెళితే పని మానేసిందన్నారు. మీరు దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆమెను ఒక్కసారి తలచుకోండి. మిర్యాలగూడ సంచుల అవ్వ అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.