మా వారి ఉత్తరీయం మీద నా మడమలు

ఆమధ్య వియ్యాలవారి ఊరు పెద్దాపురంలో ఒక ముసలమ్మ నడివీధిలో నాకు దణ్ణం పెట్టింది. భక్తితో కాదు, మా వారి వీపు చూసి. కాళ్ళకి కాస్త సుఖం కావాలనుకున్నందుకు ఏం జరిగిందో వినండి.

మా పెద్దమ్మాయి సుభద్ర దసరాకి పుట్టింటికొచ్చింది. మాఘం కూడా వెళ్ళిపోయింది, అత్తవారి నుంచి కబురు లేదు. చివరికి అటునుంచి వచ్చినవాళ్ళెవరో చల్లగా చెప్పారు.

"మీ అమ్మాయికి నోరెక్కువటండి. అత్తగారు ఒకటంటే రెండంటుందట. నోరు తగ్గేదాకా అక్కడే ఉండనీమన్నారండి."

పిల్ల సాయంత్రం పూట కాలవ గట్టు మీద పడవల కేసి చూస్తూ కూర్చునేది. అది చూడలేక మా వారు, "మనమే వెళ్ళి మాట్లాడదాం, పద" అన్నారు.

వెళ్ళడానికి నాకేం భయం లేదు. పసుపంటేనే భయం. గడప దాటి లోపలికెళితే వియ్యపురాలు నా కాళ్ళకి పసుపు రాస్తుంది. కిందటిసారి రాస్తూ రాస్తూ ఆగి, లోపలికి కేకేసింది. "ఇంకో గిన్నె కలిపి తేవే. ఇందాకటిది వదినగారి పగుళ్ళకే సరిపోయింది." ఇంటినిండా ముత్తయిదువలు. అందరూ విన్నారు. ఆవిడ పాదాలు మాత్రం వెన్నముద్దల్లా ఉంటాయి. ఉండవూ మరి? పెళ్ళయిన దగ్గర్నుంచి పీట దిగితేగా.

ఈసారి ఆ మాట పడకూడదనుకున్నాను. ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం వేణ్ణీళ్ళు కాచుకుని, కుంకుడు రసం పోసుకుని, కాళ్ళు ముంచుకు కూర్చున్నాను. ఇటుక ముక్కతో తోముకున్నాను. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. కాపురానికొచ్చాక నేను కాళ్ళు చూసుకున్నది అదే మొదలు. అక్కడితో ఆగితే బాగుండేది. పక్కింటి కామేశ్వరి గోడమీంచి చూసింది.

"నీళ్ళకి పోతాయా అక్కయ్యగారూ ఆ పగుళ్ళు? నల్లజీడి గింజ దీపం సెగకి పెట్టి, కారిన చమురు అద్దండి. ఆరేదాకా కాలు నేల మీద పెట్టకండి, అంతే."

కామేశ్వరికి తెలియని వైద్యం లేదు. ఆవిడ చేతిలో బాగుపడ్డవాళ్ళని మాత్రం నేను చూడలేదు. అయినా అద్దాను. చాకలి సూరన్న బట్టల మీద గుర్తులు పెట్టేది ఆ చమురుతోనే అని నాకు తెలీదా? తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. బుర్ర ఉన్నవాళ్ళకి కదా తెలిసింది పనికొచ్చేది.

కాళ్ళు నేల మీద పెట్టకూడదని మంచం మీద వాలాను. కాళ్ళకింద మెత్తగా ఏదో తగిలింది. బాగుందనుకుని మడమలు దానిమీద ఆనించి నిద్రపోయాను. అది సూరన్న ఉతికి తెచ్చిన మడతల దొంతర. అన్నిటికన్నా పైన ఉన్నది మా వారి ఉత్తరీయం. నేను లేచేసరికి సుభద్ర ఆ దొంతర పెట్టెలో సర్దేసింది. జీడి చమురు అప్పటికప్పుడు కనపడదు. గాలి తగిలి నిదానంగా నల్లబడుతుంది.

మర్నాడు పడవలో ఉత్తరీయం మడత మడతగానే ఆయన భుజం మీద ఉంది. రేవులో వియ్యంకుడు ఎదురు రాగానే, మర్యాదగా ఉంటుందని విప్పి నిండుగా కప్పుకున్నారు. ఇద్దరూ ముందు నడిచారు. వెనకాల నేను.

వీపు మధ్య నా మడమలు రెండూ ఉన్నాయి. పగుళ్ళతో సహా. చమురు మడతలోకి దిగి కింద ఇంకో రెండు పడ్డాయి. చూసేవాళ్ళకి నేను ఒక్కసారితో ఊరుకోలేదని తెలుస్తోంది.

"ఏమండీ, ఎండగా ఉంది, ఆ ఉత్తరీయం నాకివ్వండి" అన్నాను మెల్లిగా.

"మగాళ్ళం మాట్లాడుకుంటుంటే మధ్యలో ఏంటి?" అన్నారు, వియ్యంకుడికి వినపడేలా.

ముసలమ్మ దణ్ణం పెట్టింది అప్పుడే. ముందు వీపు చూసింది, తరవాత నా కాళ్ళు చూసింది, చేతులెత్తేసింది.

ఇంటికి చేరగానే ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నారు. నా ప్రాణం కాస్త కుదుటపడింది. లోపల వియ్యపురాలు పసుపు గిన్నెతో వచ్చి నా పాదం ఎత్తి చూసింది.

"ఏంటి వదినగారూ, మడమలు మాడ్చుకున్నారా?"

"వైద్యం" అన్నాను. ఆవిడ నవ్వింది. పడ్డాను. కూతురి తల్లిని.

బయట మా వారు ధాటిగా చెబుతున్నారు. "మా అమ్మాయి సంగతి నాకు తెలుసండి బావగారూ. మా ఇంట్లో ఆడవాళ్ళకి ఎదురు చెప్పడం తెలీదు. మా ఆవిడ ఇన్నేళ్ళలో నా ముందు తలెత్తలేదు. కాలు కదిపితే నన్నడిగే కదుపుతుంది." మాట ఊపులో తాంబూలం ఉమ్మడానికి లేచి వీధివైపు తిరిగారు.

సావిట్లో వియ్యంకుడు ఆయన వీపు చూశాడు. గుమ్మంలోంచి వియ్యపురాలూ చూసింది. ఆ పగుళ్ళు ఆవిడకి కొత్తా? ఒక్కో గీతా పసుపు పెట్టి నింపిన మనిషి. చేతిలో ఉన్న నా పాదం కేసి మరోసారి చూసి, చాలా మర్యాదగా కింద పెట్టింది.

అయిపోయింది అనుకున్నాను. పిల్ల బతుకు ఇక కాలవ గట్టు మీదే.

వియ్యంకుడు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. వియ్యపురాలు గుమ్మం దగ్గరకెళ్ళి, అంది కదా:

"ఏమండీ, మంచి రోజు చూసి కోడల్ని తీసుకొచ్చేయండి. పాపం అది ఇంకా నోటితోనే ఆగింది. తల్లి దగ్గర ఇంకొన్నాళ్ళు ఉంటే మన అబ్బాయి వీపు ఏమవుతుందో."

మా వారికి ఏమీ అర్థం కాలేదు. తన మాట నెగ్గిందనుకున్నారు. తిరుగు పడవలో ఉత్తరీయం తీసి చూసుకునేదాకా అలాగే అనుకున్నారు. లాకులు దాటేవరకు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఆ తరవాత ఒకే మాట అడిగారు.

"నిద్రలోనా?"

జరిగింది చెప్పాను. నమ్మినట్టు లేదు.

సుభద్ర నవ్వుతూ పడవెక్కి వెళ్ళింది. నా మడమలు పొక్కులు లేచి, తోలూడి, మళ్ళీ ఎప్పట్లాగే పగిలాయి. కామేశ్వరి ఇంకో వైద్యం ఉందంటే తలుపేసుకున్నాను. ఉత్తరీయం ఎన్నిసార్లు ఉడకేసినా మచ్చ పోలేదు. నిన్న సూరన్న దాన్ని విడిగా మడిచి తెచ్చి నా చేతికిచ్చాడు.

"అందరి బట్టలకీ గుర్తు పెట్టానండి అమ్మగారూ. దీనికి మాత్రం పెట్టలేదండి. ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలుసండి."